కోటబొమ్మాళి పెట్టెలో ఎర్ర వరస

పోయిన వారం సుహాసినిని మనం శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర మేడ మీది ఆఫీసులో, కంప్యూటరు ముందు నోట మాట రాకుండా కూర్చోబెట్టి మన పనులు మనం చూసుకోవడానికి వెళ్ళిపోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా అలాగే కూర్చుని ఉంది. ఇక ఆలస్యం చెయ్యకుండా ఆమె దగ్గరికి వెళ్దాం.

కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. జగన్నాధం గారి ఇంటర్నెట్ కంపెనీకి భోగాపురం నుంచి కోటబొమ్మాళి దాకా ఊరూరా స్విచ్చి పెట్టెలు ఉన్నాయి. ఒక్కో పెట్టె నుంచి ఆ వీధి ఇళ్ళకి తీగలు వెళతాయి. ఏ ఇంటి తీగ తెరిచి ఉండాలి, ఏది మూసి ఉండాలి అన్నది ఆ పెట్టెలో రాసిన సెట్టింగుల్ని బట్టి ఉంటుంది. ఇదివరకు లైను కుర్రాళ్ళు ఒక్కో పెట్టెనీ ఎవరికి తోచినట్టు వాళ్ళు దిద్దేవారు. సుహాసిని వచ్చాక ఒక సాధనం పెట్టింది. పెట్టె ఎలా ఉండాలో ఒక్కచోట అచ్చు తయారుచేసి పెడితే, అది అన్ని పెట్టెల్నీ ఆ అచ్చుతో పోల్చి చూసి, తేడా ఉన్న వరసని తెర మీద ఎర్రగా చూపిస్తుంది. మీట నొక్కితే ఆ తేడా పోతుంది. ఇవాళ మధ్యాహ్నం హైదరాబాదు నుంచి పెద్ద కంపెనీవాళ్ళు వస్తున్నారు. పెట్టెలన్నీ ఒక్క తీరున ఉన్నాయని కళ్ళారా చూస్తేనే జగన్నాధం గారితో పొత్తు కలుపుతారట. నెలల తరబడి దిద్దుకొచ్చిన సుహాసినికి చివరికి ఒకే ఒక్క ఎర్ర వరస మిగిలింది, కోటబొమ్మాళి పెట్టెలో. మూసేసి ఉండాల్సిన ఒక ఇంటి తీగ తెరిచి ఉంది. తెరిచినవాడి పేరు ప్రకాష్ అని పక్కనే పడింది. అతగాడు ఆమె మొగుడు. ఆ ఇల్లు ఆమె కన్నతండ్రి నరసింగరావుది.

ఆ నరసింగరావు రెండేళ్ళుగా కూతురితో మాట్లాడలేదు. బాప్టిస్టు చర్చిలో ప్రకాష్ పక్కన ఆమె నిలబడిందని తెలిసిన రోజే, ఆ గుంట మాట ఈ గుమ్మం దాటి రాకూడదన్నాడు. మర్నాడు ఇంట్లో నెట్టు కూడా తీయించేయమన్నాడు. ఆ నెట్టు పాడైనప్పుడు బాగుచెయ్యడానికి వచ్చినవాడే కదా చివరికి అల్లుడై కూర్చున్నాడు! అలాంటి ఇంటికి ఈ తీగ ఎందుకు తెరిచి ఉన్నట్టు?

భోజనాల వేళకి ప్రకాష్ వచ్చాడు. శ్రీకూర్మం వైపు లైను పని చూసుకుని, జుట్టు నిండా దుమ్ముతో, చేతిలో కారియరుతో.

"ఒసే సుహా, మా అమ్మ కొరమేను పులుసు పంపినాది. సల్లారిపోకముందే తినీయాల," అంటూ కారియరు బల్ల మీద పెట్టాడు. అతని తల్లి జ్ఞానసుందరికి కోడలు చిక్కిపోతోందని బెంగ. కోడలికి ముల్లు తీయడం రాదని వేళాకోళం కూడా.

సుహాసిని కుర్చీ పక్కకి జరిపి తెర చూపించింది. "ఇదేటి మావా?"

ప్రకాష్ చూశాడు. చూసి, కారియరు గిన్నెలు ఒక్కొక్కటే విడదీయడం మొదలుపెట్టాడు, అదేదో చాలా కష్టమైన పని అయినట్టు. దొరికిపోయినప్పుడల్లా చేతులకి పని కల్పించుకోవడం అతనికి అలవాటని రెండేళ్ళ కాపురంలో ఆమెకి తెలిసిపోయింది.

"నిన్నే అడుగుతన్నాను. ఇదేటి?"

"ఏటున్నాది, కోటబొమ్మాళి పెట్టె."

"పెట్టె సంగతి నాకు సెప్పకు. మా నాన్న ఇంటి తీగ నీ పేరుతో తెరిసున్నాది. మొన్న మన లైను కుర్రోడు లక్ష్ముడు ఆడి బావమరిదికి దొంగ లైను ఇచ్చినాడని ఆ పూటే ఇంటికి పంపీసినారు. పట్టిచ్చినాది ఎవులు? నాను. ఆడి పెళ్ళాం మెట్ల మీద కూకోని ఏడుస్తుంటే మంచినీళ్ళిచ్చినాది కూడా నానే. ఇప్పుడు అదే పని నా మొగుడు సేసినాడని జగన్నాధం గారికి ఏ మొకం పెట్టుకోని సెప్పాల?"

కోపం కంటే ఎక్కువగా భయం వేసింది. ఇంట్లో తన పక్కన పడుకునే మనిషి తనకి తెలియని పని ఒకటి ఇన్నాళ్ళూ చేస్తూ వచ్చాడన్నది ఆమెకి మింగుడుపడడం లేదు.

ప్రకాష్ గిన్నెలు వదిలేశాడు. "ఉన్నాది ఉన్నట్టు సెప్పీ. నానే సేసినాను. ఎవులి మీదా నెపం పెట్టను."

"ఎందుకు సేసినావు?"

అతను కుర్చీ లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. కాసేపు తల గోక్కున్నాడు.

"మీ నాన్న నెట్టు తీయించీమన్నాడు కదా, ఆ వైఫై డబ్బా తేడానికి నానే ఎల్లినాను. ఇంకెవులినైనా పంపొచ్చు, మరి నాకు బుద్ది నేదు. మీ అమ్మానాన్నల్ని ఒక్కసారి సూసి దణ్ణమెట్టి వచ్చీదారని ఆశ. మీ నాన్న పొలానికెల్లిపోనాడు. మీ అమ్మ దొడ్డి గుమ్మం కాడ నిలబడి, నాయినా, తీసినట్టు సెయ్యి గాని తీయకు, దాన్లో మా పాప మాటాడతాది అన్నాది."



ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ పెట్టెల పని తాను నేర్చుకున్నదంతా తెలుగులో పాఠాలుగా చెప్పి యూట్యూబ్‌లో పెట్టడం సుహాసినికి పెళ్ళికి ముందు నుంచీ ఉన్న సరదా. చర్చికి వెళ్ళొచ్చిన ఆదివారం మధ్యాహ్నం వంటింటి గోడకి తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు కూర్చుని చెబుతుంది. చూసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అందులో ఎవరో ఒకరు మాత్రం ప్రతి పాఠాన్నీ మొదటి నుంచి చివరిదాకా వదలకుండా, ఒక్కోటి రెండేసి సార్లు చూస్తున్నట్టు ఆమెకి కనబడుతూనే ఉంది. ఉద్యోగం కోసం తంటాలు పడుతున్న కుర్రాడెవడో అయి ఉంటాడనుకుని, వాడి కోసమే ఇంకాస్త నిదానంగా చెప్పేది.

"అమ్మకి ఆ పాఠాలు ఏటి బోదపడతాయి మావా?" అంది చివరికి.

"బోదపడక్కర్లేదంట. పక్కింటి దేముడమ్మ మనవరాలు వచ్చి, నువ్వు ఒగ్గేసి వచ్చిన లాప్‌టాపు తెరిసి పెడతాదంట. మీ అమ్మ సింతపండు పిక్కలు తీసుకుంటా నీ మాట ఇంటాదంట. అయిపోతే మల్లీ మొదల్నించి పెట్టమంటాదంట."

చింతపండు పిక్కలు తీస్తున్న తల్లి చిన్నతల్లి చేతులు కళ్ళ ముందు కనబడేసరికి సుహాసినికి దుఃఖం ఆగలేదు. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. అచ్చుల గురించీ వరసల గురించీ తాను ఊదరగొట్టిన ముచ్చట్లన్నీ చిన్నతల్లి కూర్చుని వింది. వంకాయ ధర అడిగినా తడుముకునే అమ్మ!

ప్రకాష్ ఆమె వీపు నిమిరాడు. "నా పేరున కనెక్షను పెట్టించీదారని సూసినాను. ఇంటాయన సంతకం నేకపోతే కుదరదన్నారు. సంతకం అడిగితే మీ నాన్న ఆ డబ్బా బద్దలుకొట్టీస్తాడని మీ అమ్మ బయం. నీకు సెప్తానంటే ఒద్దని నా సేత పెమానం సేయించుకున్నాది. నీకు తెలిస్తే నువ్వు ఆగలేక ఫోను సేసీస్తావంట, ఫోను సేస్తే మీ నాన్నకి తెలిసిపోతాదంట."

"ఇప్పుడేటి సేద్దాం?"

"తీసీ."

"ఎలా తీసీమంటావు? అమ్మ కూకుంటాది కదా మావా, తెర ముందర. ఏటీ రాకపోతే నాకేదో అయిపోనాదని అనుకుంటాది."

"ఈ ఆదివారం నాను ఎల్లి సెప్తాను. ఆ ఎరుపు అలా ఉంటే మజ్జానం ఆళ్ళు సూసీస్తారు. నా ఉద్యోగం పోతే ఇంకో సోట స్తంబాలెక్కుతాను. నీ కట్టం మాత్రం నీల్ల పాలవ్వకూడదు." ఒక్క క్షణం ఆగి అన్నాడు, "కాకపోతే గడువు పెట్టి తీ."

గడువు సంగతి కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే అది ప్రకాష్ సొంత పద్ధతి. దూరాన ఉన్న పెట్టెని ఇక్కణ్ణించి దిద్దేటప్పుడు చెయ్యి జారిందంటే, ఆ పెట్టెతో మాటే తెగిపోతుంది. మళ్ళీ బండెక్కి ఆ ఊరు వెళ్ళి స్తంభం ఎక్కాల్సిందే. వానల్లో అలా రెండు మూడుసార్లు తిరిగాక అతను ఒక అలవాటు చేసుకున్నాడు. ఏ పెట్టెని ముట్టుకున్నా ముందు దానికొక మాట చెప్పి ఉంచుతాడు: పది నిమిషాల్లో నా నుంచి ఖాయం అన్న కబురు రాకపోతే, నువ్వు పాత తీరుకే వెళ్ళిపో. సుహాసిని ఆ అలవాటుని తన సాధనంలో కూడా పెట్టింది. నిజానికి ఈ మనిషిని చేసుకోవాలని ఆమె మొదటిసారి అనుకున్నది కూడా అతను ఆ పద్ధతి చెప్పిన రోజే. పోయే ముందు తిరిగొచ్చే దారి చూసి ఉంచేవాడు మంచివాడే అయి ఉంటాడని ఆమె నమ్మకం.

కళ్ళు తుడుచుకుంది. తీగ మూసేయమని అచ్చుని కోటబొమ్మాళి పెట్టెకి పంపింది. ఎర్ర వరస పచ్చబడింది. తెర మూలన ఖాయం అన్న మీట వెలిగి ఆరుతూ ఆమె వేలి కోసం ఎదురుచూస్తోంది.

కింద నుంచి జగన్నాధం గారి కేక వినబడింది. "ప్రకాషూ! అతిథులు జంక్షన్ దగ్గరికొచ్చీసినారు! నాలుగు కుర్సీలు పట్రా!"

ప్రకాష్ ఆమె తల మీద చెయ్యి వేసి, "నొక్కీ," అని దిగి వెళ్ళాడు. సుహాసిని నొక్కలేదు. ఒక్క నిమిషం, అమ్మతో మనసులో రెండు మాటలు చెప్పుకుని నొక్కుదామనుకుంది. ఆ ఒక్క నిమిషం సాగుతూ పోయింది.

అంతలో ఫిర్యాదుల ఫోను మోగింది. ఎత్తాల్సిన గ్లోరీ అన్నానికి వెళ్ళింది. మోగి మోగి ఆగి, మళ్ళీ మోగింది. సుహాసిని కూర్చున్నచోటి నుంచే పక్క బల్ల మీది ఫోను తీసి, అలవాటుగా ఆఫీసు గొంతు తెచ్చుకుంది. "నమస్కారమండీ, చెప్పండి."

అవతల కాసేపు ఊపిరి మాత్రం వినబడింది.

"హలో... కోటబొమ్మాళి నుంచి మాటాడతన్నానండి. నెట్టు పోనాది."

ఆ గొంతు పొలం గట్టు మీద నుంచి పిలిస్తే ఊరు మొత్తానికి వినబడేది. ఇప్పుడు ఎవరికీ వినబడకూడదన్నట్టు చిన్నగా మాట్లాడుతోంది. నాన్న. రెండేళ్ళ తర్వాత నాన్న.

ఏడవకూడదు. ఏడిస్తే పెట్టేస్తాడు. ఆమె పెదవి కొరుక్కుంది. "ఎప్పుడు పోయిందండీ?"

"ఇప్పుడే. సూస్తా సూస్తా ఉంటే ఆగిపోనాది. డబ్బా మీద ఈ నంబరున్నాది, కొట్టినాను. జల్దీ బాగు సేయించమ్మా. ఇంటిది సంతకెల్లినాది, అది వచ్చీలోగా నాను మూసీయాల. దానికి ఈ సంగతి తెల్దు."

సుహాసినికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారి అర్థమైంది. తీసేయకుండా దాచిన డబ్బా సంగతి మొగుడికి తెలియదని చిన్నతల్లి అనుకుంటోంది. పెళ్ళానికి తెలియదని నరసింగరావు అనుకుంటున్నాడు. ఆయన పొలానికి వెళ్తే ఈవిడ, ఈవిడ సంతకి వెళ్తే ఆయన. ఆ ఇంట్లో ఒకే లాప్‌టాపు ముందు వంతులు వేసుకుని కూర్చుంటున్నారు, ఒకరికొకరు తెలియకుండా. ఒక్కో పాఠం రెండేసి సార్లు ఎందుకు చూసినట్టో ఇప్పుడు తెలిసింది.

"ఏం చూస్తుండగా ఆగిందండీ?" అని అడిగింది. అడక్కుండా ఉండలేకపోయింది.

"పాటాలు."

"ఏ పాఠాలండీ?"

"అదే, ఈ నెట్టు పెట్టెలకి బుద్దులు సెప్పే పాటాలు. నాకేటీ బోదపడదులే."

"మరి బోధపడకపోతే ఎందుకు చూడడం?"

"సెప్పే గుంట బాగా సెప్తాది," అన్నాడు నరసింగరావు.

సుహాసిని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఊపిరి సర్దుకున్నాక, నోటికి వచ్చిన ఆఫీసు మాటలనే ఆసరా చేసుకుంది. "మీ ఇంటి పేరున కనెక్షన్ లేదండీ. మీరే తీసేయమన్నట్టు ఉంది. మళ్ళీ ఇవ్వాలంటే ఇంటాయన సంతకం ఉండాలి."

"ఇంటాయన్ని నానే. సంతకం నాను ఎడతాను."

"శ్రీకాకుళం ఆఫీసుకి రావాల్సి ఉంటుందండీ."

రానంటాడేమో. ఆ ఊరి పేరు ఎత్తొద్దంటాడేమో.

"వస్తాను," అన్నాడు ఆయన. "రేపు బండికే వస్తాను. అక్కడ ఎవుల్ని అడగాలమ్మా? పేరు సెప్పు."

పేరు. నాన్న పెట్టిన పేరే. ఆ నాలుగు అక్షరాలు గొంతు దాటి రావడం లేదు. తెర మూలన గడువు దగ్గరపడుతోంది, ఖాయం మీట గబగబా వెలిగి ఆరుతోంది. చెయ్యి చాస్తే అందేంత దూరం. నొక్కితే ప్రకాష్ ఉద్యోగం నిలబడుతుంది, ఇన్ని నెలల తన కష్టం నిలబడుతుంది. సుహాసిని ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

గడువు తీరిపోయింది. కోటబొమ్మాళి పెట్టె, తనకి ముందుగా చెప్పి ఉంచిన మాట ప్రకారం, పాత తీరుకి వెళ్ళిపోయింది. పచ్చగా ఉన్న వరస మళ్ళీ ఎర్రబడింది. ఫోనులో అవతల ఏదో గరగరమంది, ఆ వెంటనే ఒక ఆడపిల్ల గొంతు ఖంగున వినబడింది.

"అందరికీ నమస్కారం. నేను సుహాసినిని. ఇవాళ కొంచెం జలుబు చేసింది, గొంతు బాలేదు, ఏమీ అనుకోకండి..." ఆ తర్వాత దగ్గు.

అది పోయిన నెల పాఠం. మళ్ళీ చెప్పి పెట్టమని ప్రకాష్ పోరినా వినకుండా, దగ్గుతోనే పెట్టేసింది.

అవతల ఆయన గబుక్కున పాఠం ఆపేశాడు. ఇక ఇద్దరి మధ్యా దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. పెట్టేస్తాడనుకుని సుహాసిని కళ్ళు మూసుకుంది. నరసింగరావు పెట్టలేదు.

"పాపా," అన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ ఇంత మెత్తగా ఆమె వినలేదు. "నువ్వు నమస్కారం అన్నప్పుడే పోల్చినాను. ఆ దగ్గు... తగ్గినాదా?"

అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. జగన్నాధం గారు ముందూ, హైదరాబాదు అతిథులు వెనకా, అందరికంటే వెనక ఒక్కో చేత్తో రెండేసి కుర్చీలు పట్టుకుని ప్రకాష్. అతను తెర వైపు చూశాడు. ఎర్ర వరస కనబడగానే కుర్చీలు నేల మీద పెట్టేశాడు.

"సుహాసినమ్మా!" అన్నారు జగన్నాధం గారు, నవ్వు మొహమంతా పులుముకుని. "పెట్టెలన్నీ ఒక్క తీరున ఉన్నాయా నేదా? ఆ తెర ఇటు తిప్పి ఈళ్ళకి సూపించమ్మా. ఆ ఫోను తర్వాత మాటాడుకుందువు గాని."

చెవిలో ఒక ప్రశ్న, గదిలో ఒక ప్రశ్న. రెండిట్లో దేనికి ముందు జవాబు చెప్పాలో ఆమెకి ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఫోనుని చెవికి ఇంకాస్త దగ్గరగా హత్తుకుని, గదిలో అందరికీ వినబడేలా అంది.

"తగ్గిపోనాది నాన్నా."